జేన్ ఆస్టెన్: రాతకు కూలి అడిగిన మనిషి

ఇంగ్లిష్ నవలా రచయిత్రి జేన్ ఆస్టెన్ చనిపోయిన అయిదు నెలలకు, 1817 డిసెంబర్‌లో, ఆమె చివరి రెండు నవలలు కలిపి నాలుగు సంపుటాలుగా వెలువడ్డాయి. వాటికి ముందుమాటగా అన్న హెన్రీ తన చెల్లెలి జీవితం గురించి కొన్ని పేజీలు రాశాడు. అంతదాకా పుస్తకాల మీద ఆమె పేరే లేదు కాబట్టి, రచయిత్రి ఎవరన్నది పాఠకులందరికీ అచ్చులో తెలిసింది అప్పుడే. ఆమె కలం పట్టడానికి కీర్తి మీద ఆశ గానీ డబ్బు మీద ఆశ గానీ కారణం కాదని హెన్రీ అందులో అన్నాడు. పోయిన చెల్లెలి మీద మమకారంతో, ఆ కాలపు మర్యాదకు తగ్గట్టు రాసిన మాట అది.

కానీ అంతకు నాలుగేళ్ల ముందు, 1813 జూలైలో, ఇంకో అన్న ఫ్రాంక్‌కి రాసిన ఉత్తరంలో జేన్ స్వయంగా వేరే సంగతి చెప్పింది. మొదటి నవల ప్రతులన్నీ అమ్ముడుపోయాయని, దాని మీద 140 పౌండ్లు వచ్చాయని, రాతతో ఇప్పటికి 250 పౌండ్లు సంపాదించానని లెక్క కట్టి, ఆ డబ్బు ఇంకా కావాలన్న కోరికనే పెంచుతోందని రాసింది. ఈ రెండు మాటల్లో ఆమె జీవితానికి దగ్గరగా ఉన్నది రెండోదే. ఇంటిపనుల మధ్య తీరుబడి దొరికినప్పుడు సరదాకి రాసుకున్న వినయశీలి అన్న బొమ్మ కుటుంబం గీసింది. ఉత్తరాలూ ఒప్పందాలూ చూస్తే కనిపించేది వృత్తి రచయిత్రి: తన రాతకు విలువ తెలిసి, దాన్ని అడిగి తీసుకోవాలని చూసిన మనిషి.

ఆ అవసరం ఎక్కడ పుట్టిందో తెలియాలంటే ముందు ఇంటి సంగతి చూడాలి. 1775 డిసెంబర్ 16న హాంప్‌షైర్‌లోని స్టీవెంటన్ అనే చిన్న ఊళ్లో ఆమె పుట్టింది. ఎనిమిది మంది పిల్లల్లో ఏడోది. తండ్రి జార్జ్ ఆస్టెన్ ఆ ఊరి చర్చికి రెక్టర్, అంటే మతాధికారి. ఆ ఆదాయం చాలక కొంత సేద్యం చేయించేవాడు, ఇంట్లోనే అబ్బాయిలను పెట్టుకుని చదువు చెప్పేవాడు. ఇంట్లో సుమారు 500 పుస్తకాలుండేవి, కూతుళ్లు ఏది తీసి చదివినా అడ్డులేదు. అంత గొప్ప చదువు ఉన్న ఇంట్లో ఆడపిల్లలకు ఇవ్వడానికి ఆస్తి మాత్రం లేదు.

మగపిల్లల దారి వేరు. పెద్దవాడు జేమ్స్ తండ్రి వృత్తిలోకే వెళ్లాడు. ఎడ్వర్డ్‌ను పిల్లల్లేని దూరపు బంధువులు, నైట్ దంపతులు, దత్తత తీసుకున్నారు. దాంతో కెంట్‌లోని గాడ్మర్షమ్, హాంప్‌షైర్‌లోని చాటన్ ఎస్టేట్‌లు అతనివయ్యాయి. హెన్రీ కొంతకాలం సైనిక దళంలో పనిచేసి లండన్‌లో బ్యాంకు పెట్టాడు. ఫ్రాంక్, చార్లెస్ నౌకాదళంలో చేరారు. పుట్టుకతోనే అనారోగ్యంతో ఉన్న జార్జ్ వేరే కుటుంబం సంరక్షణలో పెరిగాడు. కసాండ్రా, జేన్ అనే అక్కాచెల్లెళ్లకు మిగిలిన దారులు రెండే: పెళ్లి, లేదా అన్నదమ్ముల ఆదరణ.

ఆస్తి లేని ఆడపిల్ల ఎక్కడిదాకా వెళ్లాల్సి వచ్చేదో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. జేన్ మేనత్త ఫిలడెల్ఫియా 1752లో ఓడెక్కి మద్రాసు చేరింది. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగుల్లో వరుణ్ణి వెతుక్కోవడానికి అప్పట్లో ఇంగ్లండ్ నుంచి అలా వచ్చే అమ్మాయిలు ఎందరో. మరుసటేడు కడలూరులో కంపెనీ సర్జన్ టైసో హాంకాక్‌ని పెళ్లాడింది. వాళ్ల కూతురు ఎలైజా 1761లో కలకత్తాలో పుట్టింది. వారన్ హేస్టింగ్స్ ఆ పిల్లకు గాడ్‌ఫాదర్, ఆ కుటుంబం పేరిట 10,000 పౌండ్లు ట్రస్టుగా పెట్టింది కూడా ఆయనే. ఎలైజా ఒక ఫ్రెంచ్ ప్రభువును పెళ్లాడింది. విప్లవకాలంలో 1794లో అతని తల తెగింది. తర్వాత ఆమె తనకంటే పదేళ్లు చిన్నవాడైన మేనమామ కొడుకు హెన్రీని 1797లో చేసుకుంది. మన దగ్గరైతే దీన్ని మేనరికం అని ఒక్క మాటలో చెప్పేస్తాం. వరుడి కోసం బెంగాల్‌కు పంపించేసిన ఒక అమ్మాయి కథ జేన్ పదహారేళ్ల వయసులో రాసిన ‘కేథరిన్’లో వస్తుంది. ఆ పెళ్లి గొప్ప అదృష్టమని నోటికొచ్చినట్టు పొగిడే ఒక పాత్ర, అందులో కష్టం ఏముందని అడిగే దాని అజ్ఞానం, మేనత్త కథ విన్న పిల్ల రాసినవని చదివితే తెలిసిపోతుంది.

పన్నెండేళ్ల వయసు నుంచే ఆమె రాయడం మొదలుపెట్టింది. ఆ చిన్ననాటి రచనలను మూడు నోటుపుస్తకాల్లో అచ్చు పుస్తకాలకు మల్లే అంకితాలతో సహా ఎత్తి రాసుకుంది. ఇరవై నాలుగేళ్లు వచ్చేసరికి మూడు నవలలు ఏదో ఒక రూపంలో చేతిలో ఉన్నాయి: తర్వాత ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ అయిన ‘ఎలినార్ అండ్ మరియాన్’, ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ అయిన ‘ఫస్ట్ ఇంప్రెషన్స్’, ‘నార్థాంగర్ ఆబీ’ అయిన ‘సూజన్’. 1797 నవంబర్‌లో తండ్రి ‘ఫస్ట్ ఇంప్రెషన్స్’ గురించి లండన్ ప్రచురణకర్త కాడెల్‌కు ఉత్తరం రాశాడు. అవసరమైతే అచ్చు ఖర్చు రచయితే పెట్టుకుంటే ఎంతవుతుందని కూడా అడిగాడు. రాతప్రతిని చూడకుండానే, తిరుగు టపాలో, వద్దని జవాబొచ్చింది.

1803లో ‘సూజన్’ను క్రాస్బీ అనే ప్రచురణకర్త 10 పౌండ్లకు కొన్నాడు. త్వరలో వస్తోందని ప్రకటన కూడా వేశాడు, కానీ అచ్చు వెయ్యలేదు. ఆరేళ్లు ఎదురుచూసి 1809 ఏప్రిల్‌లో ఆమె మారుపేరుతో గట్టిగానే ఒక ఉత్తరం రాసింది: రాతప్రతి పోయి ఉంటే ఇంకో ప్రతి పంపుతాను, వెయ్యకపోతే వేరే చోట ప్రచురించుకుంటాను అని. ఫలానా సమయానికి వెయ్యాలన్న షరతు ఒప్పందంలో లేదని, ఇంకెక్కడైనా వేస్తే చట్టపరంగా అడ్డుకుంటామని, కావాలంటే అదే 10 పౌండ్లు ఇచ్చి తీసుకోవచ్చని జవాబు. ఆమె తీసుకోలేదు. ఏడేళ్ల తర్వాత, 1816లో గానీ ఆ రాతప్రతి ఇంటికి రాలేదు.

ఆ 10 పౌండ్లు అప్పుడు ఆమెకు ఎంత పెద్ద మొత్తమో తెలియాలంటే బాత్ నగరం సంగతి చెప్పుకోవాలి. 1801లో తండ్రి రెక్టర్ పని పెద్దకొడుక్కి అప్పగించి, భార్యనూ కూతుళ్లనూ తీసుకుని బాత్‌కి మారాడు. పుస్తకాలు, పియానో అమ్మేశారు. 1805 జనవరిలో ఆయన పోయాడు. రెక్టర్ ఆదాయం ఆయనతోనే ఆగింది. తల్లికి, కసాండ్రాకు కలిపి ఏడాదికి 210 పౌండ్లు మిగిలాయి. కసాండ్రా వంతు కూడా ఆమెకు కాబోయే భర్త వెస్టిండీస్‌లో జ్వరంతో పోతూ వదిలిన 1000 పౌండ్ల మీద వడ్డీ. జేన్‌కు సొంతంగా ఏమీ లేదు. అన్నలు తలా ఇంత వేసుకోగా మొత్తం ఏడాదికి 450 పౌండ్ల చిల్లర అయింది. ఆ తర్వాత నాలుగేళ్లూ అద్దె ఇళ్లు, బంధువుల ఇళ్లు, సౌతాంప్టన్‌లో ఫ్రాంక్ కుటుంబంతో కలిసి కాపురం. బాత్‌లో ‘ది వాట్సన్స్’ అని ఒక నవల మొదలుపెట్టి వదిలేసింది. తండ్రి పోతే దిక్కులేకుండా పోయే అక్కాచెల్లెళ్ల కథ అది. సొంత ఇంట్లో అదే జరిగాక దాన్ని ముందుకు నడపలేకపోయిందని అనుకోవడం అన్యాయం కాదు.

దీనికి మధ్యలో, 1802 డిసెంబర్ 2న, మానీడౌన్ అనే ఎస్టేట్ వారసుడు హారిస్ బిగ్-విదర్ ఆమెను పెళ్లి చేసుకుంటానని అడిగాడు. అతని అక్కలు ఆమెకు స్నేహితురాళ్లు. సాయంత్రం సరేనంది, మర్నాడు పొద్దున్నే ఆ మాట వెనక్కి తీసుకుని వెళ్లిపోయింది. ఒప్పుకుని ఉంటే తనకూ అక్కకూ తల్లికీ జీవితాంతం లోటుండేది కాదు. ఎందుకు కాదందో ఏ కాగితంలోనూ లేదు. ఆ కాలపు చట్టం మాత్రం ఒక సంగతి చెబుతుంది: ఇంగ్లండ్‌లో పెళ్లయిన స్త్రీకి తన పేరిట ఒప్పందం చేసుకునే హక్కు లేదు, ఆమె సంపాదన భర్తది. ఇది మారడం 1870, 1882 చట్టాలతోనే. పెళ్లికాని జేన్ ఆస్టెన్ తన పుస్తకాల మీద వచ్చిన ప్రతి షిల్లింగ్‌కూ సొంతదారు.

1809 జూలైలో ఎడ్వర్డ్ చాటన్‌లో ఒక ఇల్లు ఇచ్చాడు. తల్లి, ఇద్దరు కూతుళ్లు, స్నేహితురాలు మార్తా లాయిడ్ అక్కడ స్థిరపడ్డారు. ఆరు నవలలూ ఇప్పుడున్న రూపానికి వచ్చింది ఈ ఇంట్లోనే, ఎనిమిదేళ్లలోపే. కిటికీ దగ్గర చిన్న బల్ల, ఎవరైనా వస్తే కిర్రుమనే తలుపు, ఆ చప్పుడు వినగానే కాగితాలు దాచేయడం అనే కథ మేనల్లుడు 1869లో తెచ్చిన జీవితచరిత్రతో లోకమంతా పాకింది. తలుపు కిర్రుమనడం నిజమే కావచ్చు. అంతకంటే ముఖ్యమైనది ఆ ఇంట్లో పని పంపకం. వంటా వార్పూ పెత్తనం కసాండ్రా, మార్తా చూసుకునేవారు. తోట తల్లిది. జేన్ వంతు పొద్దున తొమ్మిదింటికి ఫలహారం ఏర్పాటు, టీ, పంచదార, వైన్ నిల్వల లెక్క. మిగిలిన పూట ఆమెది. నలుగురు ఆడవాళ్ల ఇంట్లో ముగ్గురు కలిసి ఒకరికి రాసుకునే సమయం సమకూర్చారంటే, అక్కడ జరుగుతున్నది పని అని వాళ్లకు తెలుసన్నమాట. ఆస్టెన్ సాహిత్య చరిత్రలో కసాండ్రాకు జేన్ ఉత్తరాలు కాల్చేసిన మనిషిగానే ఎక్కువ పేరు. ఈ ఎనిమిదేళ్ల వంటింటి చాకిరీకి దక్కాల్సిన పేరు దక్కలేదు.

అప్పట్లో పుస్తకం వెయ్యడానికి నాలుగు దారులుండేవి. కాపీరైట్ ఏకమొత్తానికి అమ్మేయడం ఒకటి. లాభంలో వాటా రెండోది. ముందుగా చందాదారులను పోగుచేసుకోవడం మూడోది. ఫానీ బర్నీ 1796లో ‘కమిల్లా’ నవల అలాగే వేసింది, ఆ చందాదారుల జాబితాలో ఇరవయ్యేళ్ల జేన్ పేరు కూడా ఉంది. నాలుగోది కమిషన్ పద్ధతి: కాగితం, అచ్చు, ప్రకటనల ఖర్చు రచయితవి. ప్రచురణకర్త అమ్మిపెట్టి నూటికి పది తీసుకుంటాడు. నష్టమొస్తే రచయితే భరించాలి, కాపీరైట్ మాత్రం రచయిత దగ్గరే ఉంటుంది.

‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ని థామస్ ఎగర్టన్ ఈ కమిషన్ పద్ధతిలోనే వేశాడు. 1811 అక్టోబర్ 30న మూడు సంపుటాలుగా, 15 షిల్లింగుల ధరకు, ‘ఒక స్త్రీ రచన’ అన్న మాటతో వచ్చింది. నష్టం తప్పదనుకుని ఉన్న కొద్ది డబ్బులోంచే కొంత తీసి పక్కన పెట్టుకుందని హెన్రీయే రాశాడు. డబ్బు మీద ఆశ లేదని చెప్పిన అదే ముందుమాటలో ఈ సంగతి కూడా ఉంది. లాభం ఆశించకపోయినా తన డబ్బు పణంగా పెట్టి అచ్చుకు దిగిన ధైర్యం సామాన్యమైనది కాదు. ప్రతులు 750 నుంచి 1000 మధ్య అని పరిశోధకుల అంచనా. రెండేళ్లలోపు అన్నీ అమ్ముడుపోయాయి, 140 పౌండ్లు మిగిలాయి.

కానీ ఆ ఫలితం తేలకముందే ఆమె రెండో నవల అమ్మేసింది. 1812 నవంబర్‌లో ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ కాపీరైట్‌కు ఎగర్టన్ 110 పౌండ్లు ఇచ్చాడు. 150 వస్తే బాగుండేది గానీ ఇద్దరికీ నచ్చేలా కుదరదు కదా అని మార్తాకు రాసింది. పుస్తకం 1813 జనవరి 28న వచ్చింది. ధర 18 షిల్లింగులు. అదే ఏడాది రెండో ముద్రణ, 1817లో మూడోది. ఆ లాభాల్లో ఆమెకు దమ్మిడీ రాలేదు. అన్ని నవలల్లోకీ ఎక్కువ ఆదరణ పొందిన పుస్తకం మీద తక్కువ సంపాదించడానికి కారణం తెలివితక్కువతనం కాదు. చేతిలో నిల్వ లేని మనిషి వచ్చే ఏడాది వచ్చే 300 కంటే ఇప్పుడొచ్చే 110కే మొగ్గుతుంది. ఆ పాఠం ఆమె మర్చిపోలేదు. మళ్లీ ఎప్పుడూ కాపీరైట్ అమ్మలేదు.

1814 మేలో కమిషన్ మీద వేసిన ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’ ఆరు నెలల్లో చెల్లిపోయింది. దాని మీద వచ్చింది 300 పౌండ్ల పైమాటే, ఆమె చూసిన అతి పెద్ద లాభం. ఎగర్టన్ రెండో ముద్రణకు ముందుకు రాలేదు. ఆ నవంబర్‌లో మేనకోడలు ఫానీకి రాసిన ఉత్తరంలో, జనం కొనడం కంటే అరువు తెచ్చుకుని మెచ్చుకోవడానికే ముందుంటారని, పొగడ్త తనకూ ఇష్టమే గానీ డబ్బులూ ఇష్టమేనని రాసింది. అరువు అన్న మాట ఊరికే అనలేదు. అద్దె గ్రంథాలయాల వల్ల ఒక్కో ప్రతి ఎందరో చదివేవారు, రచయితకు దక్కేది ఒక్క ప్రతి వెల.

1815లో ఆమె బైరన్ కావ్యాలను ప్రచురించిన జాన్ మర్రే దగ్గరికి వెళ్లింది. ‘ఎమ్మా’తో పాటు ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’, ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’ కాపీరైట్లకూ కలిపి అతను 450 పౌండ్లు ఇస్తానన్నాడు. అతను మోసగాడే, కాకపోతే మర్యాదస్తుడైన మోసగాడు అని కసాండ్రాకు రాసి, ఆ బేరం ఒప్పుకోలేదు. ‘ఎమ్మా’ 2000 ప్రతులు కమిషన్ మీదే వేయించింది. 221 పౌండ్ల లాభం వచ్చింది. అయితే మర్రే అప్పుడే వేసిన ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’ రెండో ముద్రణ అమ్ముడుపోక 182 పౌండ్ల నష్టం తెచ్చింది. ఒకదాని నష్టం ఇంకోదాని లాభంలో కోసేశారు. ‘ఎమ్మా’ మీద బతికుండగా ఆమె చేతికొచ్చింది 38 పౌండ్ల 18 షిల్లింగులు. ఈ ఒక్కసారీ లెక్క ఆమెకు ఎదురుతిరిగింది. అమ్మేసి ఉంటే 450 ఒక్కసారిగా వచ్చేవి. అయినా ఆమె నిర్ణయం తప్పని తేల్చలేం. మొత్తం మీద బతికుండగా రాత సంపాదన 600 నుంచి 700 పౌండ్ల మధ్య. అందులో 600 నౌకాదళ అయిదు శాతం బాండ్లలో పెట్టింది. ఏడాదికి 30 పౌండ్లు వడ్డీ: ఎవరినీ అడగకుండా వచ్చే మొదటి ఆదాయం. 1817 మార్చిలో ఆ 600 కాక నవలల మీద ఇంకా ఎంతెంత వచ్చిందో ఒక చిన్న కాగితం మీద సొంత చేత్తో రాసి పెట్టుకుంది.

ఈ లెక్కల మనిషి నవలల్లో ప్రతి పాత్రకూ ఏడాదికి ఎంత ఆదాయమో మొదటే చెప్పేస్తుంది. ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో డార్సీకి 10,000, బింగ్లీకి నాలుగైదు వేలు, బెనెట్‌కు 2,000. బెనెట్ ఆస్తి మగ వారసుడికే చెందాలన్న షరతు ఉంది కాబట్టి, ఆయన పోతే అయిదుగురు కూతుళ్లూ తల్లీ ఇల్లు ఖాళీ చేయాల్సిందే. తల్లి హడావుడిని చూసి నవ్వుకునే పాఠకులు ఆమె భయం నిజమైనదని తరచూ మర్చిపోతారు. రెండో కూతురు ఎలిజబెత్‌కు దక్కేది తల్లి తర్వాత 1000 పౌండ్లు మాత్రమే. ఆ మగ వారసుడు కాలిన్స్ పెళ్లి అడుగుతూ, వడ్డీ రేటుతో సహా, ఆమెకే ఆ మాట గుర్తుచేస్తాడు. ఆమె కాదన్న కాలిన్స్‌ను స్నేహితురాలు షార్లెట్ ఒప్పుకుంటుంది. తనకు కావలసింది ఒక సుఖమైన ఇల్లేనంటుంది. షార్లెట్ వయసు 27. మానీడౌన్‌లో మాట వెనక్కి తీసుకున్ననాడు జేన్‌కు 27 నిండడానికి రెండు వారాలు తక్కువ. షార్లెట్‌ను నవల ఎక్కడా శిక్షించదు. ఎలిజబెత్ నిరాశపడుతుంది, నవల మాత్రం షార్లెట్ తన ఇంటిని ఎంత తెలివిగా సర్దుకుందో ఓపిగ్గా చూపిస్తుంది.

ఆమె కళ అంతా చూడాలంటే ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ రెండో అధ్యాయం చాలు. చనిపోతున్న తండ్రికి జాన్ డాష్‌వుడ్ మాటిచ్చాడు: సవతి తల్లినీ ముగ్గురు చెల్లెళ్లనూ చూసుకుంటానని. ఒక్కొక్కరికి 1000 చొప్పున 3000 ఇద్దామనుకుంటాడు. భార్య ఫానీ మన ఒక్కగానొక్క బిడ్డ నోరు కొట్టి సవతి చెల్లెళ్లకు పెడతావా అంటుంది. తలా 500 అవుతుంది. పోనీ ఆమెకు ఏడాదికి 100 ఇద్దామంటే, ఏటా డబ్బులిస్తామంటే మనుషులు చచ్చినా చావరంటుంది, తన తల్లి ముసలి నౌకర్లకు అలా కట్టి ఎంత పడిందో చెబుతుంది. అప్పుడప్పుడు 50 చేతిలో పెడితే చాలదా అంటాడు. అసలు మీ నాన్న ఉద్దేశం డబ్బివ్వమని కాదు, ఇల్లు చూసిపెట్టడం, సామాను తరలించడం, కాలానికి తగ్గట్టు చేపలూ వేట మాంసమూ పంపడం, అంతే అంటుంది. చివరికి వాళ్లు తీసుకెళ్లే పింగాణీ సామాను మీద కూడా కన్ను వేస్తుంది. ఆ ఇద్దరినీ రచయిత్రి ఒక్క మాట అనదు. ప్రతి మెట్టూ ముందటి మెట్టు నుంచి సహజంగా దిగుతుంది. అధ్యాయం ముగిసేసరికి 3000 పౌండ్లు సున్నా అయిపోయి, జాన్ తాను ధర్మం తప్పలేదని మనసారా నమ్ముతాడు. తండ్రి పోయిన ఇంట్లో వాటాల మాటలు విన్న తెలుగు పాఠకులకు ఈ అధ్యాయానికి వివరణ అక్కర్లేదు.

‘ఎమ్మా’లో ఆమె ఇంకో మెట్టు ఎక్కింది. నవల నడిపేది రచయిత్రి గొంతే అయినా, వాక్యాలు తెలియకుండానే ఎమ్మా మనసులోంచి వస్తుంటాయి. ‘ఎల్టన్ హారియట్ మీద మనసు పడ్డాడు’ అని చదివినప్పుడు అది జరిగిన సంగతా, ఎమ్మా అనుకుంటున్న సంగతా అన్నది చెప్పదు. ఎమ్మాతో పాటే పాఠకుడూ మోసపోతాడు. రెండోసారి చదివినప్పుడే ప్రతి పేజీలోనూ నిజం కళ్లెదుటే ఉందని తెలుస్తుంది. తర్వాతి నవలాకారులంతా వాడుకున్న ఈ పద్ధతిని ఇంగ్లిష్ నవలలో ఇంత నిండుగా, ఇంత కట్టుదిట్టంగా నడిపినవాళ్లు ఆమెకు ముందు లేరు. దీని నైతిక బరువు బాక్స్ హిల్ విహారంలో తెలుస్తుంది. 30,000 పౌండ్ల వారసురాలు ఎమ్మా అందరి ముందూ మిస్ బేట్స్‌ను ఒక మాట అని నవ్విస్తుంది. మిస్ బేట్స్ ఎవరు? చనిపోయిన మతాధికారి కూతురు, పెళ్లికాలేదు, ముసలి తల్లితో అద్దె గదుల్లో ఉంటూ ఇరుగుపొరుగు పంపినవి తింటుంది. ఆమె స్నేహితుడు నైట్లీ ఎమ్మాను మందలించేది ఆ మాట మొరటుతనం గురించి కాదు. మిస్ బేట్స్ పేదది, పుట్టిన స్థితి నుంచి దిగజారింది, ఇంకా దిగజారుతుంది, అందుకే ఆ మాట తప్పు అంటాడు. 1805 తర్వాత జేన్ ఆస్టెన్ ఉన్న స్థితి దాదాపు అదే.

ఆమె లోకం చిన్నదన్న విమర్శ పాతది. మూడు నాలుగు కుటుంబాలున్న పల్లెటూరు రాయడానికి సరిగ్గా సరిపోతుందని మేనకోడలు అన్నాకు ఆమే రాసింది. కానీ ఆ పల్లెల్లోకి డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో ఆమె దాచలేదు. మాన్స్‌ఫీల్డ్ భవనం వెనుక ఆంటిగ్వాలోని తోటలున్నాయి. ఆ నవల నాయిక ఫానీ ప్రైస్ బానిస వ్యాపారం గురించి అడిగితే ఆ గదిలో ఎవరూ నోరు మెదపరు. ‘పర్స్వేషన్’లో నౌకాదళ కెప్టెన్ వెంట్‌వర్త్ 25,000 పౌండ్లు యుద్ధంలో పట్టుకున్న ఓడల వాటాలు. నౌకాదళంలో ఇద్దరు తోబుట్టువులున్న మనిషికి అవి పుస్తకాల్లో చదివిన సంగతులు కావు.

‘ఎమ్మా’ను ప్రిన్స్ రీజెంట్‌కు అంకితమివ్వమని ఆయన గ్రంథపాలకుడు క్లార్క్ ద్వారా సూచన వచ్చింది. ఆ యువరాజు మీద ఆమెకు గౌరవం లేదు, అయినా కాదనడం కుదరదు. క్లార్క్ అంతటితో ఆగక, శాక్స్-కోబర్గ్ రాజవంశం మీద చారిత్రక నవల రాయమన్నాడు. ప్రాణం కాపాడుకోవడానికి తప్ప అలాంటిది కూర్చుని రాయలేనని, తన శైలిలో తన దారినే పోతానని 1816 ఏప్రిల్‌లో జవాబిచ్చింది. ఆస్థానం నుంచి వచ్చిన సలహాకు అంత సూటిగా బదులిచ్చిన ఈమె, ఆ డిసెంబర్‌లో తనది రెండంగుళాల దంతపు ముక్క మీద సన్నని కుంచెతో చేసే పని అని మేనల్లుడికి రాసింది. కొత్తగా నవల రాస్తున్న కుర్రాణ్ణి ముద్దుచేస్తూ అన్న మాటను ఆమె సాహిత్య సిద్ధాంతంగా చూడడం అలవాటైపోయింది.

1816 మార్చిలో హెన్రీ బ్యాంకు మునిగింది. అతనికి పూచీపడ్డ ఎడ్వర్డ్ 20,000, మేనమామ 10,000 పౌండ్లు పోగొట్టుకున్నారు. జేన్ ఖాతాలో పోయినవి 13 పౌండ్లు. హెన్రీ, ఫ్రాంక్ తల్లికి ఇచ్చే డబ్బు ఆగిపోయింది. ఆ ఏడాదే ఆమెకు జబ్బు మొదలైంది. అయినా జూలై 18న ‘పర్స్వేషన్’ ముగించి, ముగింపు నచ్చక, మూడు వారాల్లోపు చివరి అధ్యాయాలు మార్చి రాసింది. కొట్టేసిన ఆ రెండు అధ్యాయాల రాతప్రతి బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. పూర్తయిన ఆరు నవలల్లో ఆమె చేతిరాత మిగిలింది అంతే. పాత రూపంలో వెంట్‌వర్త్, నాయిక ఆన్ ఒక గదిలో ఇబ్బందిగా ఎదురుపడి రెండు మాటల్లో కలిసిపోతారు. కొత్తదానిలో ఆన్ ఇంకొకరితో స్త్రీల ప్రేమ ఎంత నిలకడైనదో మాట్లాడుతుంటే, అదే గదిలో ఉత్తరం రాసుకుంటున్న వెంట్‌వర్త్ వింటాడు, ఆ కలంతోనే తన మనసు ఆమెకు రాస్తాడు. పుస్తకాలన్నీ మగవాళ్లు రాసినవే కదా, వాటిని సాక్ష్యం తేవద్దు అని ఆన్ అనే మాట ఆ తిరగరాతలోనే వచ్చింది. చేతిలో సత్తువ లేని రోజుల్లో బాగానే ఉన్న ముగింపును తీసేసి గొప్ప ముగింపు రాయడం కంటే వృత్తి నిష్ఠకు రుజువు వెతకనక్కర్లేదు.

1817 జనవరిలో మొదలుపెట్టిన ‘శాండిటన్’ సముద్రం ఒడ్డున ఒక పల్లెను ఆరోగ్య విహారకేంద్రంగా అమ్మజూపే పెట్టుబడిదారుల కథ, ఆమె ముందెన్నడూ రాయని రకం. మార్చి 18న ఆపేయాల్సి వచ్చింది. ఆ నెలాఖరున మేనమామ చనిపోయి, ఆస్తంతా భార్యకే వదిలాడని తెలిసి ఆమె జబ్బు ముదిరింది. ఏప్రిల్‌లో విల్లు రాసింది: హెన్రీకి 50 పౌండ్లు, హెన్రీ బ్యాంకు పతనంలో నష్టపోయిన అతని ఇంటి మనిషి మదామ్ బిజియోఁకు 50, మిగతాదంతా కసాండ్రాకు. మేలో వైద్యం కోసం వించెస్టర్ తీసుకెళ్లారు. జూలై 18న, 41 ఏళ్ల వయసులో పోయింది. కథీడ్రల్‌లోని సమాధిరాయి ఆమె మంచి మనసునూ మేధస్సునూ పొగుడుతుంది, నవలలు రాసిందని చెప్పదు.

తర్వాత పన్నెండేళ్లకు పైగా ఇంగ్లండ్‌లో ఆమె నవలల కొత్త ముద్రణలు రాలేదు. 1832లో రిచర్డ్ బెంట్లీ తన చౌక నవలల వరుస కోసం వాటిని అడిగాడు. హెన్రీ, కసాండ్రా అయిదు నవలల కాపీరైట్లు 210 పౌండ్లకు అమ్మారు. ఆరోదానికి బెంట్లీ వేరే ఇంటికి వెళ్లాల్సి వచ్చింది. ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ ఎగర్టన్ వారసుల దగ్గర ఉంది, వాళ్లకు 40 పౌండ్లు ఇచ్చి తీసుకున్నాడు. అందులో కసాండ్రాకు రావలసింది ఏమీ లేదు.